అతుకులు కత్తిరిస్తే నవ్వు ఎక్కడికి పోతుంది?

బెంగళూరులో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాసుకుని బతికే తెలుగువాళ్ళు, మారతహళ్ళి పీజీల్లో ముగ్గురేసి ఒక రూములో సర్దుకునే కుర్రాళ్ళ దగ్గర్నుంచి సర్జాపూర్ రోడ్డులో ఫ్లాట్ కొని ఈఎంఐ కడుతున్న మేనేజర్ల వరకు, రోజుకి పదిసార్లయినా ఒక బ్రిటిష్ కామెడీ బృందం జోకుల మధ్య తిరుగుతుంటారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఏదైనా ప్యాకేజీ (ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు నల్ల స్క్రీన్ మీద 'బిల్డింగ్ వీల్' అని ఒక లైను పడుతుంది కదా, ఆ వీల్ బండి చక్రం అనుకుంటే పొరపాటే. అది చీజ్ చక్రం, తిరగలి రాయిలా గుండ్రంగా ఉండే చీజ్ దిమ్మ. పైథాన్ ప్యాకేజీలన్నీ ఉంచే చోటికి మొదట్లో 'చీజ్ షాప్' అని ముద్దుపేరు ఉండేది. అది మాంటీ పైథాన్ బృందం చేసిన ఒక స్కిట్: ఒకాయన చీజ్ కొట్టుకెళ్ళి పేరుపేరునా బోలెడు రకాలు అడుగుతాడు, కొట్లో ఒక్కటీ ఉండదు. అసలు ఆ భాష పేరు కూడా పామును చూసి పెట్టింది కాదు, గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో దాన్ని మొదలుపెట్టినప్పుడు ఆ బృందం టీవీ షో స్క్రిప్టులు చదువుతున్నాడు కాబట్టి పెట్టింది. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణలకి స్పామ్, ఎగ్స్ అని పేర్లు కనిపించేది అందుకే. మెయిల్‌బాక్సులో చెత్త మెయిళ్ళని స్పామ్ అనడం కూడా వాళ్ళ స్కిట్ నుంచి వచ్చిందే.

ఈ సంగతి ఎవరో టీమ్ లంచ్‌లో చెప్తారు, ఇంటికెళ్ళాక చూద్దామనిపిస్తుంది. ఏం చూడాలి? 45 ఎపిసోడ్లు మొదటి నుంచీ చూసే ఓపిక ఎవరికీ ఉండదు, అందుకని అందరూ 'బెస్ట్ ఆఫ్' అన్న మాట ఉన్నదాన్ని పట్టుకుంటారు. అలాంటివి ఈ బృందానికి చాలానే ఉన్నాయి, అందులో ముచ్చటైనది 2006లో అమెరికాలో పీబీఎస్ చానల్లో వచ్చి డీవీడీలకెక్కిన 'పర్సనల్ బెస్ట్' సిరీస్. ఆరుగురు సభ్యులు, ఒక్కొక్కరికీ ఒక్కో భాగం, ఎవరికి నచ్చిన స్కిట్లు వాళ్ళు ఏరుకుని మధ్యమధ్యలో కొత్తగా షూట్ చేసిన ముచ్చట్లు పెట్టారు. (వాళ్ళ భాషలో వీటిని స్కెచ్‌లు అంటారు, మనకి స్కెచ్ వేయడం అంటే వేరే పని కాబట్టి స్కిట్ అనే అందాం.) చేసినవాళ్ళే ఏరిపెట్టిన ముత్యాలంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. చిక్కు ఏమిటంటే, ఈ బృందం తన షోని కట్టిందే అలా ఏరడానికి వీల్లేకుండా.

ముందు కాస్త పరిచయం. గ్రాహం చాప్‌మన్, జాన్ క్లీజ్, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పాలిన్, ఈ ఐదుగురూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల్లో నాటకాలాడి వచ్చిన బ్రిటిష్ వాళ్ళు. ఆరోవాడు టెర్రీ గిలియం, అమెరికన్, బొమ్మలు కత్తిరించి యానిమేషన్ చేసేవాడు. 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' 1969 అక్టోబరు 5న బీబీసీలో మొదలై 1974 డిసెంబరులో ఆగింది. చివరి సిరీస్‌లో క్లీజ్ లేడు, అది ఆరు ఎపిసోడ్లతోనే సరిపెట్టారు.

అప్పటి టీవీ కామెడీలో స్కిట్ అంటే ఒక లెక్క ఉండేది. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక తమాషా సందర్భం, కాసేపు లాగుడు, చివర్లో ఒక పంచ్, లైట్లు ఆరిపోవడం. రాసేవాళ్ళకి ప్రాణం మీదకొచ్చేది ఆ చివరి పంచ్ దగ్గరే. స్కిట్ ఎంత బాగా నడిచినా పంచ్ పేలవంగా ఉంటే మొత్తం పోతుంది. స్పైక్ మిల్లిగన్ అనే హాస్యగాడు 1969లో తన 'క్యూ5' షోలో ఆ పంచ్‌ని వదిలేసి, స్కిట్ మధ్యలోనే ఆపేసి ఇంకోదాంట్లోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. అది చూసి వీళ్ళకి ముందు గుండె జారింది, మనం చేద్దామనుకున్నది ఆయన చేసేశాడే అని, తర్వాత ధైర్యం వచ్చింది. అప్పటికే గిలియం వేరే షోలో ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మలోకి అర్థం పర్థం లేకుండా జారిపోయే యానిమేషన్ ఒకటి చేసి ఉన్నాడు. మొత్తం షోనే అలా జారుతూ పోతే ఎలా ఉంటుందని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు టెర్రీ జోన్స్.

అలా వచ్చింది ఆ వాలకం. స్కిట్ నడుస్తుంటుంది, మిలిటరీ యూనిఫారంలో ఒక కల్నల్ (చాప్‌మన్) నేరుగా కెమెరా ముందుకొచ్చి ఇది మరీ వెర్రిగా తయారవుతోంది, ఆపండి అని గద్దిస్తాడు. ఎక్కడో పొలంలో టేబుల్ వేసుకుని, డిన్నర్ సూటు తొడుక్కుని కూర్చున్న అనౌన్సర్ (క్లీజ్) ఇప్పుడు పూర్తిగా వేరే విషయం అంటాడు. లేదా గిలియం బొమ్మల్లోంచి ఒక పెద్ద పాదం వచ్చి అందర్నీ పచ్చడి చేసేస్తుంది. ఆ పాదం కూడా లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న బ్రొంజీనో అనే 16వ శతాబ్దపు చిత్రకారుడి పెయింటింగ్‌లోంచి కత్తిరించుకున్నది, అందులో అది మన్మథుడి కాలు.

అవధానం చూసినవాళ్ళకి ఈ కల్నల్ పాత చుట్టమే. అవధాని దత్తపదిలో మునిగి ఉంటే పక్కనుంచి అప్రస్తుత ప్రసంగి 'మీ ఆవిడ మిమ్మల్ని కూరగాయలకి పంపినప్పుడు...' అంటూ తగులుకుంటాడే, సరిగ్గా ఆ పని. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి నానా యాగీ చేసి పోవడం కూడా ఇదే కోవ. తేడా ఒక్కటే: మన దగ్గర ప్రస్తుతం అనేది ఒకటి ఉంటుంది, దాని మధ్యలో అప్రస్తుతం వస్తుంది. వీళ్ళ షోలో అరగంటా కేతిగాడే, రాముడు రాడు. అప్రస్తుత ప్రసంగి జోకులు మాత్రం ఏరి పుస్తకం వేస్తే బాగానే ఉంటుంది, నవ్వొస్తుంది, కానీ నాలుగో పాదం నోట్లో ఉండగా అవధానిని ఆపాడన్న మజా ఆ పుస్తకంలో రాదు.

ఒక్క ఎపిసోడ్ దగ్గరగా చూస్తే విషయం తేలిపోతుంది. రెండో సిరీస్‌లో 1970 సెప్టెంబరు 22న వచ్చిన 'స్పానిష్ ఇన్‌క్విజిషన్' ఎపిసోడ్ అది. (స్పానిష్ ఇన్‌క్విజిషన్ అంటే మతం తప్పారన్నవాళ్ళని పట్టుకొచ్చి విచారించి, చిత్రహింసలు పెట్టిన ఒకప్పటి స్పెయిన్ చర్చి కోర్టు.) 1912 నాటి ఒక ఇల్లు, ఒకావిడ కూర్చుని ఉంటుంది, మిల్లులో ఏదో గొడవైందని చెప్పడానికి ఒకడొస్తాడు. వాడి యాస ఆవిడకి అర్థం కాదు. ఏమిటి, ఏమిటి అని ఆవిడ రెట్టిస్తుంటే వాడు చిరాకుపడి, కబురు చెప్పమన్నారని వచ్చాను గానీ ఇలా స్పానిష్ ఇన్‌క్విజిషన్ పెడతారనుకోలేదు అంటాడు. మనం 'ఏంటీ పోలీసు ఎంక్వైరీ' అని విసుక్కున్నట్టు, మాటవరసకి. అంతే, తలుపు ధడాలున తెరుచుకుని ఎర్ర అంగీలేసుకున్న ముగ్గురు కార్డినళ్ళు, అంటే చర్చి పెద్దలు, దూకుతారు: స్పానిష్ ఇన్‌క్విజిషన్ వస్తుందని ఎవరూ అనుకోరు! పెద్ద కార్డినల్‌గా పాలిన్, వెనక జోన్స్, గిలియం. మా ముఖ్యమైన ఆయుధం ఆశ్చర్యం అని మొదలుపెట్టి, ఆశ్చర్యం, భయం, రెండు ఆయుధాలు, కాదు మూడు, కాదు నాలుగు అని లెక్క తప్పి, సిగ్గుపడి, బయటికెళ్ళి మళ్ళీ లోపలికొస్తాడు.

కలగూర క్యాసెట్లలో, యూట్యూబ్ క్లిప్పుల్లో ఎక్కువగా దొరికేది ఈ ముక్కే. ఇది మాత్రం చూసినా కడుపుబ్బా నవ్వొస్తుంది, అందులో సందేహం లేదు. అసలు ఎపిసోడ్‌లో కార్డినళ్ళు ఇక్కడ ఆగిపోరు. మధ్యలో వేరే స్కిట్లు వస్తాయి, వీళ్ళని మర్చిపోతాం. చాలాసేపటికి ఇంకెక్కడో ఒక ముసలావిడ పక్కనున్నామెకి ఆల్బమ్‌లోంచి ఫొటోలు తీసి ఒక్కొక్కటే ఇస్తుంటుంది, ఆ పక్కనున్నామె తీరిగ్గా ఒక్కొక్కటే చింపేస్తుంటుంది, చివరికి 'ఇదిగో ఇది బొగ్గుల షెడ్డు వెనక దాక్కున్న స్పానిష్ ఇన్‌క్విజిషన్' అని ఒక ఫొటో వస్తుంది. ఆ ముసలావిడని పట్టుకుపోయి మెత్తటి దిండ్లతో పొడిచి, సుఖంగా ఉండే కుర్చీలో కూర్చోబెట్టి చిత్రహింస పెడతారు. మళ్ళీ మాయం. చివర్లో ఒక కోర్టు సీను, అక్కడ ఒకాయన నోరుజారి ఆ మాట అంటాడు, ఇన్‌క్విజిషన్ అనుకోలేదని. కోర్టులో ఉన్నవాళ్ళందరూ తలుపు వైపు తిరుగుతారు. ఎవరూ రారు.

ఎందుకు రారంటే కార్డినళ్ళు అప్పుడే ఇంట్లోంచి బయల్దేరి పరుగెత్తి బస్సెక్కారు. బస్సు వెళ్తూ ఉంటుంది, ఈలోగా ఎపిసోడ్ చివరి పేర్లు పడడం మొదలవుతుంది. వాళ్ళకి ఆ పేర్లు కనిపిస్తుంటాయి! అయ్యో అప్పుడే పేర్లు వచ్చేస్తున్నాయి, తొందరగా పోనీ అని కంగారు. మెట్లెక్కి, కోర్టు తలుపు తోసుకుని 'స్పానిష్ ఇన్‌క్వి...' అనేలోపు తెర మీద సమాప్తం.

ఈ జోకుని ఏ క్యాసెట్‌లో పెడతారు? మొదటి ముక్కా, మధ్య ముక్కా, చివరి ముక్కా కలిపి ఒకచోట గుదిగుచ్చవచ్చు, కొన్నిచోట్ల చేస్తారు కూడా. కానీ మధ్యలో వాళ్ళని మర్చిపోయిన ఆ కాసేపు లేకపోతే ఆ ఫొటో తగలాల్సినట్టు తగలదు. ఎపిసోడ్ నిజంగా అయిపోతోందన్న నమ్మకం లేకపోతే ఆ బస్సు కంగారు కంగారే కాదు. అరగంట షోకి ఒక చివర ఉంటుందనీ, ఆ చివర్న పేర్లు పడతాయనీ తెలిసినవాడికి వేసిన జోకు అది.

చచ్చిన చిలుక స్కిట్ (నువ్వు అమ్మిన చిలుక చచ్చిందని కొన్నవాడు, చావలేదని కొట్టువాడు) సంగతి ఇంకోలా ఉంటుంది, అది అతుకు మార్చినా బతికిన సరుకు. అసలు దాని పుట్టుకే ఒక మార్పు. పాత కారు అమ్మినవాడు ఎన్ని లోపాలు చూపించినా ఒప్పుకోకుండా ఏదో ఒక సాకు చెప్పడం అనే స్కిట్‌ని క్లీజ్, చాప్‌మన్ 1968లో ఒక టీవీ స్పెషల్ కోసం రాశారు. ఫ్లయింగ్ సర్కస్‌కి దాన్ని తిరగరాసేటప్పుడు కారు మరీ మామూలుగా ఉందని, చిలుకని పెడదామని చాప్‌మన్ అన్నాడు. 1969 డిసెంబరు 7న వచ్చిన ఎపిసోడ్‌లో ఆ స్కిట్‌కి సరైన ముగింపు లేదు. కొట్టువాడు ఇంకో ఊళ్ళో మా తమ్ముడి కొట్టుకెళ్ళమంటాడు, అక్కడా వీడే ఉంటాడు, ఊరి పేరు మీద ఒక తిక్క వాదన, చివరికి కల్నల్ వచ్చి ఆపేస్తాడు. ఆ మరుసటి వారం ఎపిసోడ్‌లో ఒక మంగలి, నాకు ఈ పని ఇష్టం లేదు, చెట్లు కొట్టేవాణ్ణి కావాలనుకున్నాను అంటూ కట్టెలు కొట్టేవాడి పాట అందుకుంటాడు.

ఇప్పుడు 1971కి రండి. అమెరికా ప్రేక్షకులకి వీళ్ళని పరిచయం చేద్దామని, మొదటి రెండు సిరీస్‌లలోంచి స్కిట్లు ఏరి, మళ్ళీ షూట్ చేసి 'అండ్ నౌ ఫర్ సంథింగ్ కంప్లీట్లీ డిఫరెంట్' అనే సినిమా తీశారు. క్యాసెట్ల కాలానికి ముందే వచ్చిన ఏరివేత అది. అందులో చిలుక కొట్టువాడే ఉన్నట్టుండి, నాకీ కొట్టు నడపడం ఇష్టం లేదు, చెట్లు కొట్టేవాణ్ణి కావాలనుకున్నాను అంటాడు. రెండు ఎపిసోడ్లలో ఉన్న రెండు హిట్లకి ఒకే ముడి పడింది. ఎంత నీటుగా కుదిరిందంటే, చాలామందికి అసలు కథ ఇదే అనిపిస్తుంది. వీళ్ళు చేసిన ఏరివేతల్లో బాగా పనిచేసిన చోటు ఇదొక్కటేనేమో, ఎందుకంటే ఇక్కడ పాత అతుకు తీసేసి ఊరుకోలేదు, కూర్చుని కొత్తది కుట్టారు. స్టూడియోలో ప్రేక్షకుల నవ్వు లేకుండా తీసిన ఆ సినిమా మిగతాదంతా కొంచెం చప్పగానే ఉంటుంది, అమెరికాలో పెద్దగా ఆడలేదు కూడా.

ఈ అతుకుల గురించి వాళ్ళకి ఎంత పట్టింపంటే కోర్టుకే ఎక్కారు. 1975లో అమెరికాలో ఏబీసీ చానల్ నాలుగో సిరీస్ ఎపిసోడ్లని మూడేసి చొప్పున కలిపి గంటన్నర స్పెషల్స్‌గా వేసింది. బీబీసీలో యాడ్లు ఉండవు కాబట్టి అరగంట అంటే నిండు అరగంట, ఏబీసీకి యాడ్లు కావాలి, పైగా కొన్ని మాటలు వాళ్ళకి ఇబ్బంది. 90 నిమిషాల్లో 24 నిమిషాలు కోసేశారు. మిగిలింది మా షో కాదు, మా పేరు పెట్టి అమ్మొద్దు అని బృందం కేసు వేసింది. 1976లో అప్పీల్ కోర్టు వాళ్ళ వైపు మాట్లాడింది, అలా నరికేస్తే అది రాసినవాళ్ళ పనిని వక్రీకరించడమేనని. సృష్టికర్తల హక్కుల గురించి చదివే లా విద్యార్థులకి ఇప్పటికీ ఈ కేసు తగులుతుంది. ఆ గొడవ వల్లే చివరికి ఎపిసోడ్ల హక్కులు వీళ్ళ చేతికొచ్చాయి, దాంతో తర్వాత వచ్చిన క్యాసెట్లూ డీవీడీలూ వీళ్ళు చెప్పినట్టు వచ్చాయి. ఇందులో తమాషా ఏమిటంటే, కోయొద్దని కేసు గెలిచినవాళ్ళే తర్వాత కత్తెర పట్టుకున్నారు.

అలా పట్టుకున్నప్పుడు కూడా వెక్కిరింత మానలేదు. ఇరవై ఏళ్ళ పండగకి 1989లో తెచ్చిన సంకలనానికి 'పారట్ స్కెచ్ నాట్ ఇంక్లూడెడ్' అని పేరు పెట్టారు, అంటే చిలుక స్కిట్ ఇందులో లేదు అని అట్ట మీదే రాసి అమ్మారన్నమాట. బిర్యానీ హోటల్ బోర్డు మీద బిర్యానీ లేదు అని రాసినట్టు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మార్టిన్ దాన్ని నడిపించాడు, చివర్లో ఒక బీరువా తెరిస్తే ఆరుగురూ అందులో కుక్కుకుని ఉంటారు. చాప్‌మన్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు. ఆరుగురూ కలిసి తెర మీద కనిపించింది అదే ఆఖరు. ఇరవై ఏళ్ళు నిండడానికి ఒక్క రోజు ముందు, అక్టోబరు 4న పోయాడు.

అందుకే 'పర్సనల్ బెస్ట్'లో చాప్‌మన్ భాగాన్ని మిగతావాళ్ళు కలిసి ఎంచారు. ఆ సెట్‌లో అన్నిటికంటే ఆలోచన రేపేది ఇదే, ఎందుకంటే చాప్‌మన్ 'బెస్ట్' అంటే ఏమిటి? రాసే పద్ధతి చూస్తే క్లీజ్, చాప్‌మన్ ఒక జంట, పాలిన్, జోన్స్ ఒక జంట, ఐడిల్ ఒంటరి, గిలియం బొమ్మలు సరేసరి. క్లీజ్ కాగితం మీద రాస్తుంటే చాప్‌మన్ పక్కన పైపు కాలుస్తూ కూర్చుని, చాలాసేపటికి ఒక మాట అనేవాడని అందరూ చెప్పేదే. కారు స్థానంలో చిలుక అలా వచ్చిన మాటే. ఆ ఒక్క మాటని ఏ క్లిప్పుగా కత్తిరిస్తారు? ఆయన నటించిన స్కిట్లు పెట్టగలరు, పెట్టారు, ఆయన చేసిన అసలు పని మాత్రం పక్కవాడి స్కిట్‌లో ఉండిపోయింది.

జోన్స్‌కి ఇంకా అన్యాయం. షో మొత్తం ఒక ప్రవాహంలా ఉండాలని పట్టుబట్టింది ఆయన, డైరెక్టర్ ఇయాన్ మక్‌నాటన్ పక్కన ఎడిటింగ్ రూములో కూర్చుని ఏది ఎక్కడ ఆగాలో చూసుకున్నదీ ఆయనే. ఆ పని ఏ స్కిట్‌లోనూ ఉండదు, రెండు స్కిట్ల మధ్య ఉంటుంది. నీకు నచ్చినవి ఏరుకో అని ఆయనకి చెప్పడం, తాపీమేస్త్రీని పిలిచి ఈ గోడలో నీకు నచ్చిన ఇటుకలు తీసుకుపో అన్నట్టుంది. నాలుగు ఇటుకలు పట్టుకెళ్ళగలడు, సిమెంటు ఎలా పట్టుకెళ్తాడు?

పాలిన్‌కి ఈ బాధ లేదు. ఆయనకి ప్రాణమైన స్కిట్ చేపల దెబ్బల డ్యాన్స్, మొత్తం 20 సెకన్లకి అటూ ఇటూ. టెడింగ్టన్ లాక్ అనే చోట (లాక్ అంటే పడవలు దాటడానికి నీటిమట్టం పెంచుతూ దించే తలుపుల కాలువ) నీటి గట్టు మీద ఇద్దరు సైనికుల్లాంటి వేషాల్లో నిలబడతారు, పాలిన్ గంతులేస్తూ వచ్చి రెండు చిన్న చేపలతో క్లీజ్ చెంపల మీద సుతారంగా తడతాడు, క్లీజ్ తీరిగ్గా ఒక పేద్ద చేప తీసి ఒక్కటిస్తాడు, పాలిన్ నీళ్ళలో పడతాడు. అంతే, కథ లేదు, మాట లేదు. రిహార్సల్ చేసినప్పుడు నీళ్ళు దగ్గరగానే ఉన్నాయట, షూటింగ్ టైముకి లాక్‌లో నీటిమట్టం దిగిపోయి పాలిన్ అనుకున్నదానికంటే చాలా లోతుకి పడ్డాడు. దీన్ని ఎక్కడ పెట్టినా, ఏ భాషవాడికి చూపించినా నవ్వుతాడు.

బెంగళూరు తెలుగువాళ్ళకి ఇంకో స్కిట్ కూడా పక్క సాయం లేకుండానే ఎక్కుతుంది. హంగేరీ నుంచి వచ్చిన ఒకడు చేతిలో 'ముప్ఫై రోజుల్లో భాష' తరహా పుస్తకం పట్టుకుని లండన్‌లో సిగరెట్లు కొనడానికి వెళ్తాడు, ఆ పుస్తకంలో అన్నీ తప్పుడు వాక్యాలే అచ్చువేసి ఉంటాయి, అగ్గిపెట్టె అడగబోయి బూతులు మాట్లాడేస్తాడు. దిగిన మొదటి వారం 'కన్నడ గొత్తిల్ల' అన్న ఒక్క ముక్కతో ఆటోవాళ్ళ దగ్గర నెట్టుకొచ్చినవాళ్ళెవరైనా ఆ హంగేరీవాడి మొహం చూసి జాలిపడతారు. అది వచ్చింది కూడా స్పామ్ స్కిట్ ఉన్న ఎపిసోడ్‌లోనే, 1970 డిసెంబరు 15న. ఆ స్పామ్ స్కిట్‌కి మాత్రం మళ్ళీ అదే తంటా: హోటల్లో అన్ని టిఫిన్లలోనూ స్పామ్ అనే డబ్బా మాంసం కలిపేస్తుంటే, మధ్యలో ఒక చరిత్ర పండితుడు వైకింగులనే పాతకాలపు సముద్ర దోపిడీవీరుల గురించి గంభీరంగా లెక్చరిస్తూ తెలియకుండానే స్పామ్ అనడం మొదలుపెడతాడు, అక్కణ్ణుంచి చివరి పేర్లలోకి కూడా స్పామ్ దూరుతుంది. స్కిట్ అయిపోయాక కూడా స్పామ్ అవదు. మెయిల్‌బాక్సుకి ఆ పేరు ఎందుకంత సరిగ్గా సరిపోయిందో క్లిప్పులో కన్నా ఆ పేర్లు పడేటప్పుడు ఎక్కువ తెలుస్తుంది.

మనవాళ్ళకి ఈ తేడా వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. తెలుగు సినిమాలో కామెడీ ట్రాక్ చాలాకాలం కథకి పక్కన నడిచింది, హీరో గొడవ హీరోది, కమెడియన్ గొడవ కమెడియన్‌ది. అందుకే 'బ్యాక్ టు బ్యాక్ కామెడీ సీన్స్' అని గంటసేపు వరసగా చూసినా ఏమీ పోయినట్టు అనిపించదు, ఏ సినిమాలోదో గుర్తులేకపోయినా బ్రహ్మానందం బ్రహ్మానందమే. 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్ కూడా టీముకో స్కిట్, స్కిట్‌కో ఆరంభం, ముగింపు, మధ్యలో జడ్జిల నవ్వు. విడివిడిగా కోసి యూట్యూబ్‌లో పెట్టుకోవడానికి వాటంగా ఉంటుంది. మెట్రోలో ఇందిరానగర్ నుంచి మెజెస్టిక్ వెళ్ళేలోపు రెండు చూసెయ్యొచ్చు. అలా విడదీసి చూడడం అలవాటైన కళ్ళతో పైథాన్ సంకలనం పెడితే, కొన్ని స్కిట్లు సగంలో తెగిపోయినట్టు ఉంటాయి. వీళ్ళకి ముగించడం రాదా అన్న అనుమానం కూడా వస్తుంది. ముగించకూడదనే రాశారని ఆ డీవీడీ చెప్పదు.

2008లో బృందం సొంతంగా యూట్యూబ్ చానల్ పెట్టింది, జనం ఎలాగూ మసకమసగ్గా ఎక్కించేస్తున్నారు, మేమే మంచి క్వాలిటీలో ఉచితంగా ఇస్తాం, బదులుగా మా డీవీడీలు కొనండి అని. రుచి చూపించి సరుకు అమ్మడం, పచ్చళ్ళ కొట్టువాడు అరచేతిలో కాస్త ఆవకాయ వేసినట్టు. 'పర్సనల్ బెస్ట్' లాంటివి కూడా అలా చూస్తేనే న్యాయం: పాలిన్ భాగం, చాప్‌మన్ భాగం చూసి, ఎవడు ఎలాంటివాడో తెలుసుకుని, ఆ తర్వాత రెండో సిరీస్‌లోంచి ఒక ఎపిసోడ్ మొత్తంగా పెట్టుకోవాలి. ఇన్‌క్విజిషన్ ఎపిసోడ్ అయితే ఇంకా మంచిది. పేర్లు పడుతున్నాయి కదా అని మాత్రం ఆపేయొద్దు, ఆటోప్లే కూడా ఆఫ్ చేసి ఉంచండి. కార్డినళ్ళు ఇంకా బస్సులోనే ఉంటారు.